రాగి చెంబుకు కళాయి

బూర్గంపాడు,
ఆదివారం.

మనవరాలిని చూసి మొగుణ్ని మరిచిన ప్రసూనకు, నీ ఇంటాయన జానకిరామారావు రాస్తున్నది. ఇక్కడ నేను, గేదె, నీ కనకాంబరం మొక్కలు, అందరం క్షేమం. అక్కడ ఛత్తీస్‌గఢ్‌ల కోర్బాల నువ్వు, సాహిత్య, చంటిది, అల్లుడు, ఎట్లాగూ తప్పదు గనక మన వియ్యపురాలు గూడ క్షేమమేనని నమ్ముతున్న.

నీ ఉత్తరం అల్లుడి దోస్తు పాల్వంచకు సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిచ్చిండు. ఫోన్లుండంగ ఈ ఉత్తరాలేందంకుల్ అని నవ్విండు. ఆ పిల్లగానికేం తెలుసు, అల్లుడి కొలువు క్వార్టర్ల గోడలు పలచన అని, నువ్వు ఫోన్ ఎత్తితే స్పీకర్ పెట్టందే మాట్లాడలేవని, వియ్యపురాలి మీద చాడీలు చెప్పాలంటే నీకు కాయితమే దిక్కని! ఉత్తరమంతా ఆవిడ భాగోతమే రాసినవ్ గద. చంటిదానికి నూనె రుద్దేది ఆవిడట, నీళ్లు పోసేది ఆవిడట, సాంబ్రాణి వేసేది ఆవిడట, నువ్వు తువ్వాలు పట్టుకొని నిలబడాలట. చదువుతుంటే నాకు నవ్వాగలేదు. పెండ్లయిన కాడి నుంచి మన ఇంట్ల నన్ను గట్లనే నిలబెట్టినవ్ గదా తల్లీ, ఇప్పుడు తెలిసొచ్చిందా?

పోనీలే, ఆవిడకు గూడ మొదటి మనవరాలే. కొన్నాళ్లు మురవనియ్యి. చంటిది మాత్రం ఫోటోల అచ్చం మా అమ్మ పోలిక. ముక్కు చూడు. మీ వాళ్ల ముక్కు రాలేదు, దేవుడు చల్లగ చూసిండు.

ఇంక నీ ప్రశ్నలు. గేదె పాలు బాగనే ఇస్తుంది గానీ నీ గొంతు లేక మొదట్ల బెట్టు చేసింది. నీ పాత చీర భుజాన వేసుకొని పోతే ఊరుకుంది. ఆ వేషంల నన్ను పాలకేంద్రం వాళ్లు చూసిండ్రు, ఇప్పుడు ఊరంతా తెలుసు, నువ్వు వచ్చినంక ఎవరన్న నవ్వితే కారణం అదే. మిరపకాయ కల్లంల ఎండుతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కోతల వాళ్లు ఇంక నాలుగు రోజులల్ల పోతరు. తిండికేం లోటు లేదు. నేను వండింది గేదె గూడ ముట్టదు గానీ, గోడ అవతల నుంచి విశ్రాంతమ్మ కూర గిన్నె అందిస్తనే ఉంది. నువ్వు పోయేటప్పుడు "మా ఆయన్ని నీకప్పజెప్పి పోతున్న" అన్నవంట. ఆమె దాన్ని మరీ మనసుకు తీసుకుంది. అన్నం తిన్ననా లేదా అని గాదు, ఎంత తిన్ననో గూడ అడుగుతుంది.

పిల్ల పేరు సంగతి మీరు మీరు తేల్చుకోండి. సాహిత్య చెప్పే పేర్లు నోట్ల పెట్టుకునే లోపలే కరిగిపోతున్నయి. నేను తాతను, ఏది పెడితే అది పిలుస్త.

దేవుడికి రోజూ దీపం పెడుతున్నవా అని అడిగినవ్. పెడుతున్న. ఒట్టు. స్నానం చేసి, పంచె కట్టి, నువ్వు చెప్పినట్టే పంచపాత్రల నీళ్లు పోసి, ఉద్ధరిణెతోటి మూడు సార్లు వదిలి, గంట కొట్టి, హారతి ఇస్తున్న. మొదటి రోజు ఉద్ధరిణెతోటి నీళ్లు చేతిల పోసుకోబోయి పంచె మీద పోసుకున్న. ఇప్పుడు చెయ్యి తిరిగింది. గంట కొడితే విశ్రాంతమ్మ అవతల నుంచి "అన్నా, ఫైర్ ఇంజన్ గాదు, నెమ్మదిగ" అంటది. గట్ల ఉంది మన పూజ.

ఆ తర్వాత ఇంకో మాట రాసినవ్. "వీడియో కాల్‌ల దేవుడి గది చూపియ్యమంటే నీకు నెట్‌వర్క్ పోతది, మిరపకాయల బాతాఖానీకి మాత్రం పోదు, ఏంది కథ?" అని. ఆఖర్ల "బారసాలకు వచ్చేటప్పుడు మా అమ్మ రాగి చెంబు తీసుకురా, కలశం దాంతోనే పెట్టాలి" అని కింద గీత గీసి మరీ రాసినవ్.

నెట్‌వర్క్ బాగనే ఉంది ప్రసూనా. ఆ చెంబు సంగతే నీకు చెప్పాలి. ఫోన్ల చెప్తే నువ్వు అరుస్తవు, వియ్యపురాలు వింటది, మన పరువు మహానది పాలయితది. అందుకే కాయితం మీద చెప్తున్న. ముందు కూర్చో. చంటిదాన్ని ఎత్తుకొని ఉంటే సాహిత్య చేతికియ్యి.

నువ్వు పోతూ పోతూ ఏం చెప్పినవ్? "చెంబు నేను తోమిపెట్టిన, నువ్వు ఊరికె నీళ్లతోటి కడుగు, రుద్దకు" అన్నవ్. నేను విన్ననా? విన్న. కానీ రాగి వింటదా? రెండు రోజులకే నల్లబడింది. చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణె, మూడూ మసిగుడ్డ రంగుకొచ్చినయి. నువ్వొచ్చి చూస్తే "నేను లేకపోతే దేవుడికి గూడ దిక్కు లేదు" అంటవు. తోముదామంటే తోమొద్దన్నవ్. ఇంతకాలం నన్ను ఆ సామాను ముట్టనియ్యలేదు గనక, ఇది నీ మడి పంతం, నా మీద నమ్మకం లేక పెట్టిన ఆంక్ష అనుకున్న. కొంచెం రోషమొచ్చింది. ప్రసూన వచ్చేసరికి తోమే పనే లేకుండ చేసి చూపియ్యాలె అనుకున్న. వినాశకాలే విపరీత బుద్ధి అని ఊరికె అన్నరా!

అప్పుడే చర్చి పండుగ వచ్చింది. వాళ్ల వంట దేగిశాలకు కళాయి పెట్టడానికి గంగయ్య వచ్చిండు, టీవీఎస్ బండికి కొలిమి తిత్తి కట్టుకొని తిరుగుతడు చూడు, ఆయన. చర్చి ఆవరణల చిన్న గుంట తవ్వి నిప్పులు చేసిండు. నేను చూద్దామని పోయి నిలబడ్డ. అడుగు మాడి మసిబట్టిన దేగిశాను కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క రాసి, దూదితోటి ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా తెల్లగ మెరిసిపోయింది.

"గంగయ్యా, కళాయి పెడితే మళ్ల నల్లబడదా?" అని అడిగిన.

"తొందరగ నల్లబడదు సార్."

"రాగికి గూడ పడ్తదా?"

"రాగికైతే మస్తు పడ్తది."

ఇంకేం గావాలె? ఇంటికి ఉరికిన. చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణె తువ్వాలల మూటగట్టి తెచ్చిన. గంట గూడ తెచ్చిన గానీ, "దీనికి వద్దు సార్, మోత పోతది" అని తిప్పి ఇచ్చిండు. దీపం కుందులు మూటల పట్టక తేలేదు, బతికిపోయినయి. "లోపల్నే గద సార్?" అని అడిగిండు. నేను మొనగాణ్ని గద, "లోపల, బయట, అంతా పెట్టు, పిసినారితనం చెయ్యకు" అన్న. ఆయన నన్ను ఒకసారి కింద నుంచి మీద దాకా చూసి, "మీ సామాను, మీ ఇష్టం" అని నిప్పుల మీద పెట్టిండు.

తెచ్చి దేవుడి ముందర పెడితే ఎట్లున్నయనుకున్నవ్? ధగధగా! రాముడు సీతమ్మకు చూపిస్తున్నడేమో అనిపించింది. నాకు నేనే శభాష్ అనుకొని ఆ పూట రెండు అరటిపండ్లు ఎక్కువ నైవేద్యం పెట్టిన. రెండూ నేనే తిన్న.

మర్నాడు పొద్దున విశ్రాంతమ్మ పండుగ గారెలు తెచ్చింది. గడప కాడ నిలబడి లోపలికి చూసింది.

"అన్నా, దేవుడి కాడ స్టీలు చెంబు పెట్టినవేంది? వదిన రాగి చెంబు ఏది?"

"అదే ఇది. కళాయి పెట్టించిన. ఎట్లుంది?" అన్న మీసం దువ్వుకుంట.

ఆమె గారెల గిన్నె కింద పెట్టేసింది. "ఇటియ్యి" అని తీసుకొని వెలుతురుకు పట్టుకుంది. మూతి కింద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పి తిప్పి చూసింది.

"పేరేదన్నా?"

"ఏం పేరు?"

"వదిన వాళ్లమ్మ పేరు!"

పేరుందని నాకు తెలవక గాదు. అన్ని ఇండ్లల్ల గిన్నెల మీద పేరు చుక్కలు కొట్టించినట్టే దీని మీద గూడ ఏదో ఉందని తెలుసు. దుకాణంల కొట్టిచ్చిండ్రు అనుకున్న. నల్లటి రాగి మీద నల్లటి చుక్కలు, నేనేనాడు వంగి చదివిన పాపాన పోలేదు. అప్పుడు చెప్పింది విశ్రాంతమ్మ, అంత పెద్ద కథ. మీ అమ్మ వరహాలమ్మ గారు రాత్రిబడికి పోయి పలక మీద నేర్చుకున్నది ఒక్క తన పేరే అంట గద. నీ సారెకు ఈ చెంబు కొన్ననాడు మధిరలో దుకాణపాయన పేరు రాసియ్యబోతే, "నా పేరు నేనే రాస్త" అని సున్నంతోటి చెంబు మీద రాసిందంట. ఆయన ఆ గీతల మీదనే చుక్కలు కొట్టిండంట. ఆ తర్వాత కన్ను మూసేదాకా బ్యాంకుల, ఆఫీసుల ఎక్కడికి పోయినా సార్ల ముందర సిగ్గుపడి వేలిముద్రే వేసిందంట. అత్తయ్య చేతిరాత భూమ్మీద ఆ చెంబు మీద తప్ప ఇంకెక్కడ లేదంట.

"అందుకే గదన్నా, వదిన ఎవ్వరి చేతికియ్యదు" అంది. "చెంబంతా తోముతది, పేరు కాడికొచ్చేసరికి వేలు తీసేస్తది. అరుగుతదని."

మడి అనుకున్న నేను. ఇన్నేండ్లు మడి అనుకున్న.

నీ మీద ముందు కోపమొచ్చింది, నిజం చెప్తున్న. పక్కింటామెకు చెప్పి నాకెందుకు చెప్పలేదని. తర్వాత కూర్చొని ఆలోచిస్తే, నేను ఎన్నడన్న అడిగిననా? నువ్వు రోజూ పొద్దున ఆ చెంబు పట్టుకొని కూర్చుంటే "ఇంకెంత సేపు, టీ ఏది" అన్నది నేనే గద. చాలా సిగ్గేసింది ప్రసూనా. ఆ గారెలు పక్కన పెట్టిన. తిననందుకు గూడ విశ్రాంతమ్మ తిట్టింది.

గంగయ్య కోసం ఉరికితే ఆయన బండి కట్టుకొని చర్ల సంతకు పోయిండని చెప్పిండ్రు. నేను చెంబు సంచిలేసుకొని బస్సెక్కిన. ఆ రోడ్డు నీకు తెల్సిందే, నడుములోని బొక్కలు ఒకదానికొకటి పరిచయమయితయి. ఇప్పపూలు రాలుతున్నయి, వాసనకు సగం బస్సు నిద్రపోయింది, నాకొక్కనికే నిద్ర లేదు. దారిల పోలీసు తనిఖీ. ఒక కానిస్టేబుల్ పిల్లగాడు సంచి తెరిచి చెంబు తీసిండు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"మా ఆవిడ పూజ చెంబు, కళాయి పెట్టించిన, తీపిచ్చుకోవడానికి పోతున్న" అన్న.

"పెట్టించుడు దేనికి, తీపిచ్చుడు దేనికి?"

చెప్పిన. బస్సంతా విన్నది. ఆ పిల్లగాడు టోపీ తీసి తల గోక్కొని, "మా ఇంట్లయితే ఇక్కడనే అడవిల దింపేసేది పెద్దాయనా, జల్దీ పోండి" అన్నడు. దిగేదాకా వెనక సీటు ఆడవాళ్లు నాకు సలహాలు ఇస్తనే ఉన్నరు. ఒకామె ఉప్పు, నిమ్మకాయ అన్నది, ఇంకొకామె మీ ఆవిడ కాళ్లు పట్టుకో అన్నది. రెండోదే నయమనిపించింది.

సంతల గంగయ్య దొరికిండు. ముందు నవ్విండు. నా ముఖం చూసి ఆపిండు. "పెట్టుడు మా నాయన నేర్పిండు సార్, తీసుడు ఎవ్వరు నేర్పలే. ఇంతవరకు ఎవ్వరు అడగలే" అన్నడు. అయినా నిప్పులు చేసిండు. చెంబు కాలుస్తుంటే తగరం కరిగి చెమట పట్టినట్టయింది, దూదితోటి వత్తి వత్తి తుడిచిండు. చాలా వరకు పోయింది గానీ ఎర్రగ రాలేదు, బూడిద రంగున తేలింది. మూతి కింద చూస్తే ఏం లేదు. "ఇంక నా చేతుల లేదు సార్, చింతపండు, ఇటుకపొడి, మీ రెక్కలు" అన్నడు గంగయ్య.

అప్పటి నుంచి బావి గట్టు మీదనే నా కాపురం. కల్లానికి పోయి రావడం, చెంబు ముందేసుకొని కూర్చోవడం. మిరపకాయల చేతులతోటి చింతపండు పట్టుకుంటే ఎట్లుంటదో నీకు చెప్పేదేముంది! విశ్రాంతమ్మ గోడ మీద మోచేతులానించి మేస్త్రీ పని చేసింది. "అట్ల గాదన్నా, గుండ్రంగ." "బరబర గాదు, నెమ్మదిగ." ముందు చెంబు నడుము ఎర్రబడింది. తర్వాత అడుగు. మూతి కింద మాత్రం చెయ్యి పెట్టడానికి భయమేసింది. ఇటుకపొడి మాని వట్టి చింతపండు గుజ్జు వేలి కొసకు రాసుకొని, చంటిదాని బుగ్గ తుడిచినట్టు తుడుచుకుంట పోయిన.

ఒక తెల్ల చుక్క కనబడింది. మచ్చ అనుకున్న. పక్కన ఇంకోటి. ఇంకోటి. వంపు తిరిగి "వ" అయింది.

ఏమైందో తెలుసా? పైపైన తగరం పోయింది గానీ, చుక్కల గుంటల్ల పడ్డది మాత్రం గట్టిగ కూర్చుంది. ఎర్రటి రాగి మీద తెల్లటి చుక్కలు! "వ" పెద్దది, "ర" చిన్నది, "హా" పక్కకు ఒరిగింది, "ల" చోటు చాలక పైకెక్కింది. ఇన్నేండ్లు మన ఇంట్ల ఉన్న పేరును నేను అప్పుడు చదివిన. అక్షరం అక్షరం కూడబలుక్కొని చిన్నపిల్లగానిలెక్క గట్టిగ చదివిన. నా కేకకు విశ్రాంతమ్మ గోడ చుట్టూ తిరిగి ఉరికొచ్చి, చూసి, సిలువ గుర్తు వేసుకుంది. ఇద్దరం ఏడ్చినం. ఏడుస్తనే నవ్వినం. గేదె బెదిరి తాడు తెంపుకుంది.

ఇక్కడితో ఆపితే నా ఉత్తరం ఎంత బాగుండేది! కానీ నీకు అబద్ధం రాయలేను. ఆ సంతోషంల ఆఖరి అక్షరం కాడ చెయ్యి ఆగలేదు. "మ్మ" రాలేదు ప్రసూనా. పైన తలకట్టు చుక్కలు మూడు నాలుగున్నయి, మిగిలింది నున్నగ ఉంది. అది ముందే అరిగిపోయిందేమో, మొదటి నుంచి ఎంత లోతు కొట్టిండ్రో నాకు తెలవదు. విశ్రాంతమ్మ ముందే అరిగింది అంటది. నా మీద జాలితోటి అంటుందేమో. నువ్వు మాత్రం నేనే అరగదీసిన అనుకో, తిట్టడానికి ఎవరన్న ఉండాలె గద.

భద్రాచలంల చుక్కలు కొట్టేటాయన దగ్గరికి తీసుకపోయిన. "ఒక్క అక్షరమే గద, గుండ్రంగ ముత్యంలెక్క కొట్టిస్త, ఇటియ్యండి" అని ఉలి పట్టుకున్నడు. చెంబు ఇవ్వబోయి మళ్ల వెనక్కి తీసుకున్న. ఆయన ముత్యం ఆయన దగ్గర్నే ఉండనియ్యి. అత్తయ్య రాత పక్కన ముక్కు మొహం తెలవనాయన రాత ఎందుకు?

పంచపాత్ర, ఉద్ధరిణె ఇంకా తెల్లగనే ఉన్నయి. వాటి మీద ఎవరి పేరు లేదు గనక నింపాదిగ తోముకుంట. ఇప్పటికైతే దేవుడు హోటల్ గ్లాసుల నీళ్లు తాగుతున్నట్టే తాగుతున్నడు. ఏమనలేదు. మనిషివి నువ్వే అనాలె.

ఈ ఉత్తరం అల్లుడి దోస్తు చేతికే ఇస్తున్న, నాకంటే ముందే నీకు చేరుతది. అది కావాలనే. కోపం సగమన్న దిగినంక నేను దిగుత. బారసాలకు ముందురోజు ఖమ్మంల రైలెక్కుతున్న. బట్టల సంచి పైన పడేస్త గానీ, చెంబు మాత్రం ఒళ్ల పెట్టుకొనే వస్త. వియ్యపురాలి ముందర ఏమనకు, వంటింట్లకు పిలిచి అను. చెంబు చేతికిచ్చినప్పుడు నువ్వు ఏడిస్తే నేను తట్టుకోలేను, అరిస్తే తట్టుకుంట, అలవాటే.

కలశం పెట్టేముందు ఒక పని చెయ్యాలె నువ్వు. "వరహాల" పక్కన ఖాళీ ఉంది గద, అక్కడ ఆఖరి అక్షరం నీ చేతితోటి రాయి. నువ్వు రాసిన గీత మీదనే చుక్కలు కొట్టిస్త, కొట్టేటాయన పక్కనే కూర్చుంట, వెంట్రుకవాసి పక్కకు పోనియ్య. అందంగ రాయాలని చూడకు, నీకెట్ల వస్తే అట్ల రాయి. మీ అమ్మ తన పేరు రాసుకుంట రాసుకుంట ఒక్క అక్షరం బిడ్డకు విడిచిపెట్టింది అనుకుందాం, ప్రసూనా.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగ ఉన్న,
సాహిత్య వాళ్ల నాన్న.